చేతులు కట్టుకుని చేసే లెక్క

నాకు కోపం ఎక్కువ. ఆ మాట ముందే చెప్పేస్తే నయం. ఇరవై రెండేళ్ళుగా ప్రాథమిక పాఠశాలల్లో పాఠాలు చెబుతున్నాను. తెలుగు, ఇంగ్లీషు, పరిసరాల విజ్ఞానం అన్నీ చెప్పాల్సిందే, చెబుతాను కూడా. కానీ ఎవరైనా అడిగితే లెక్కల టీచర్నని చెప్పుకునేదాన్ని. అదొక గర్వం. ఇప్పుడు ఎవరైనా అడిగితే బడిలో పనిచేస్తున్నానని మాత్రం అంటాను.

నా పద్ధతి మా నాయన దగ్గర నుంచి వచ్చింది. ఆయన పులివెందులలో లెక్కల అయివారు. సాయంత్రం ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుని మంచం మీద కూర్చుని, నన్నూ మా చెల్లెల్నీ ఎదురుగా నిలబెట్టేవాడు. ‘చేతులు కట్టుకో’ అనేవాడు. తర్వాత లెక్క చెప్పేవాడు. పలక లేదు, కాగితం లేదు, వేళ్ళు లేవు. ఉన్నదంతా తలలోనే. నాకు ఆ ఆట బాగా పట్టుబడింది. ఆయన నోట్లోంచి లెక్క పూర్తి కాకముందే జవాబు చెప్పేసేదాన్ని. మా చెల్లెలు చేతులు కట్టుకుని ఏడ్చేది. దానికి లెక్కల బుర్ర లేదని ఇంట్లో అందరం తీర్మానించాం. అదీ ఒప్పుకుంది. ఏడో తరగతితో చదువు ఆపేసింది.

ఉద్యోగంలో చేరాక నేనూ అదే చేశాను. పొద్దున ప్రార్థన కాగానే మూడు, నాలుగు, అయిదు తరగతుల పిల్లల్ని వరండాలో బారుగా నిలబెట్టి చేతులు కట్టుకోమనేదాన్ని. ‘ఏడెనిమిదులు?’ అని ఒకరి వైపు చూస్తే ఠక్కున యాభై ఆరు రావాలి. రాకపోతే నా నోరు ఊరుకునేది కాదు. వేళ్ళు కదిలాయంటే స్కేలు తీసుకునేదాన్ని. దెబ్బ గట్టిగా వేసేదాన్ని కాదు గానీ, వేసేదాన్ని. ‘వేళ్ళ మీద లెక్కపెట్టేదానికి బడెందుకు?’ అనేదాన్ని. తల్లిదండ్రులు గోడ అవతల నిలబడి విని సంబరపడేవాళ్ళు. తనిఖీకి వచ్చిన అధికారులు నోటిలెక్కలు విని రిజిస్టరులో మెచ్చుకుంటూ రాసేవాళ్ళు. ఆ పేజీలు నేను ఎన్నిసార్లు తిరగేసి చూసుకున్నానో చెబితే సిగ్గుచేటు.

లింగాల మండలంలో పనిచేసే రోజుల్లో పులివెందులలో మాకు శిక్షణ తరగతులు పెట్టారు. పాఠం చెప్పడానికొచ్చిన అమ్మాయికి పాతికేళ్ళు కూడా ఉండవు. చిన్నపిల్లల్ని వేళ్ళతో లెక్కపెట్టుకోనివ్వండి, వాళ్ళు వదిలేసే రోజు వాళ్ళే వదిలేస్తారు, మీరు బలవంతంగా వదిలించకండి అని చెప్పింది. నేను పక్కనున్న టీచరు చెవిలో ‘ఈ పాప ఎన్ని రోజులు బడికి పోయి చూసొచ్చిందో’ అన్నాను. బెంచీ మొత్తం నవ్వింది. ఆ అమ్మాయికి వినపడింది. బోర్డు వైపు తిరిగి మళ్ళీ మొదలుపెట్టింది. నేను మాత్రం భోజనాలకు ఎప్పుడు వదులుతారా అని గోడ గడియారం చూస్తూ కూర్చున్నాను.

తర్వాత పెద్దముడియం మండలంలో ఒక ఊరికి బదిలీ అయింది. నల్లరేగడి నేల, కనుచూపు మేర శనగ చేలు, మధ్యలో రెండు గదుల బడి. కాపురం ప్రొద్దుటూరులో. పొద్దున్నే బస్సెక్కి జమ్మలమడుగులో దిగి, అక్కణ్ణుంచి ఆటోలో పోయేదాన్ని. మొదట ఇద్దరం ఉండేవాళ్ళం. రెండో ఆయన బదిలీ మీద పోయాక ఆ కుర్చీ ఖాళీగానే ఉండిపోయింది. అయిదు తరగతులూ నా నెత్తిన పడ్డాయి. మరుగుదొడ్లకు ఫోటో, కోడిగుడ్లకు ఫోటో, హాజరుకు ఫోటో, అన్నీ ఫోనులోకి ఎక్కించేసరికి పదకొండయ్యేది. మిగిలిన పొద్దులో లెక్కలు.

ఆ బడిలోనే ఒక పిల్ల ఉండేది. మా దగ్గర నాలుగో తరగతి. ముస్లిముల ఇంటి పిల్ల. తండ్రి లేడు. తల్లి, తల్లికి తల్లి, ఈ పిల్ల, ముగ్గురే ఇంట్లో. ఇంట్లో ఉర్దూ, ఊళ్ళో తెలుగు, పుస్తకంలో ఒక పేజీ ఇంగ్లీషు, ఒక పేజీ తెలుగు. అన్నిట్లోకీ సులువుగా దూరిపోయేది. పద్యం ఒక్కసారి వింటే అప్పజెప్పేది. నోటిలెక్కల దగ్గరికి వచ్చేసరికి మాత్రం గొంతు పడిపోయేది. చేతులు కట్టుకుని నిలబడి నా మొహంలోకి చూసేది. పెదవులు కదిలేవి కావు. అదేదో మొండితనం అనుకుని నాకు ఒళ్ళు మండేది.

ఒకరోజు గమనించాను. కట్టుకున్న చేతుల కింద దాని బొటనవేలు కదులుతోంది. ఒక్కో వేలి మీద గణుపు నుంచి గణుపుకి మెల్లగా పాకుతోంది. దొంగను పట్టుకున్నంత సంతోషమైంది నాకు. ‘చేతులు చంకల్లో పెట్టుకో’ అన్నాను. పెట్టుకుంది. ఆ రోజు నుంచి మిగతా పిల్లలు చేతులు కట్టుకుంటే, ఈ పిల్ల ఒక్కటీ రెండు అరచేతులూ చంకల్లో బిగించుకుని నిలబడేది. చలికి వణుకుతున్నదానిలా ఉండేది చూడటానికి. పిల్లలు నవ్వేవాళ్ళు. నేను వాళ్ళను కసరలేదు.

దసరా సెలవులు అయ్యాక దాని తల్లి బడికి వచ్చింది. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

“మేడం, నాకు వీసా వచ్చేసింది. కువైట్‌లో ఒక ఇంట్లో వంటకి. ఎండాకాలంలో పోతాండా. రెండేండ్లు రాను,” అంది. “ఈ పాపని యాడ పెట్టాల్నో తెలీడం ల్యా. మా అమ్మకి కండ్లు శానా మసకైపోయినాయి. గురుకులంలో సీటొచ్చిందంటే నాకు దిగులుండదు. తిండీ సదువూ అన్నీ ఆడే. రాలేదనుకో, పొద్దుటూర్లో మా ఆడబిడ్డ కాడ పెట్టాల. ఆయమ్మ జాకెట్లకు మగ్గం పని చేపిస్తాంటాది. ఈమెని గూడా ఆడ కూచోబెట్టేస్తాది. ఇంగ సదువు సరి.”

నాలుగో తరగతి పిల్లలకు గురుకులం ప్రవేశ పరీక్ష వేసవిలో పెడతారు. తెలుగు, ఇంగ్లీషు ఆ పిల్లకు ఇబ్బంది లేదు. లెక్కలే.

“ఆ లెక్కలొక్కటి గట్టెక్కిచ్చు మేడం. మీ కాడ లెక్కలు రాని పిల్లోళ్ళు ల్యారంట గదా,” అంది.

ఆ చివరి మాట నాకు బాగా నచ్చింది. ‘నా చేతిలో పెట్టినావు గదా, ఇంక మర్చిపో’ అన్నాను. ఆమె నమ్మింది. నేను కూడా నమ్మాను, అబద్ధం ఆడలేదు.

బడి వదిలాక రోజూ గంటసేపు ఆ పిల్లను కూర్చోబెట్టుకునేదాన్ని. ఆటోవాడు హారన్ కొడుతూ ఉండేవాడు. కూడికలు, తీసివేతలు కాగితం మీద చేసేది. గుణకారం, భాగహారం నోటితో అడిగితే చేతులు చంకల్లోకి పోయేవి, మాట ఆగిపోయేది. నేను అరిచేదాన్ని. మరునాడు బుజ్జగించేదాన్ని. ఆ మరునాడు మళ్ళీ అరిచేదాన్ని. నెలలు గడిచేకొద్దీ అది ఇంకా వెనక్కి పోతోంది తప్ప ముందుకు రావడం లేదు. అంతకుముందు వచ్చిన చిన్న లెక్కలు కూడా తప్పు పోవడం మొదలైంది. నాకు భయం పట్టుకుంది. భయం వేస్తే నాకు ఇంకా కోపం వస్తుంది.

పరీక్ష ఇంకా నెల రోజులుందనగా, పాప రెండు రోజులు బడికి రాలేదని వాళ్ళింటికి పోయాను. జ్వరం తగ్గి లేచి కూర్చుంది. ముసలామె గోడకు ఆనుకుని కూర్చుని నమాజు తర్వాత చదువుకునే మాటలు చదువుకుంటోంది. కువైట్ నుంచి ఎవరో వచ్చినట్టున్నారు, పళ్ళెంలో ఖర్జూరాలు ఉన్నాయి. మూడిళ్ళకు సమంగా పంచమని తల్లి పాపకు చెప్పింది. నలభై ఎనిమిది ఉన్నాయట. పిల్ల బొటనవేలు దాని వేళ్ళ మీద ఒకసారి పరుగెత్తింది.

“పదహారు,” అంది.

అంతే. నేను గుమ్మంలోనే ఆగిపోయాను. “ఎట్ల చేసినావే?” అని అడిగాను. నన్ను చూసి చేతులు వెనక్కి దాచుకుంది. ముసలామె నవ్వింది.

“నేనే నేర్పిచ్చినా అమ్మా. మేము తస్బీ, అదే అల్లా పేరు చదివేటప్పుడు యేళ్ళ మీదనే లెక్క పెట్టుకుంటాం. యేలికి మూడు గీతలు. బొటనేలు గూడా కలిపితే చెయ్యికి పదైదు. దీనికి పాలు తాగే పిల్లప్పటి నుంచి నా యేళ్ళతో ఆడుకోవడమే పని.”

తర్వాత పిల్ల మెల్లగా చెప్పింది. ఒక చెయ్యికి పదిహేను. మూడు చేతులకు నలభై అయిదు. ఇంకా మూడు మిగిలితే ఇంకో వేలు. మూడు చేతుల వేళ్ళు పదిహేను, ఇదొకటి, పదహారు వేళ్ళు. వేలికి మూడు గీతలు కాబట్టి, ఎన్ని వేళ్ళయితే ఒక్కొక్కరికి అన్ని ఖర్జూరాలు.

ఇరవై ఏళ్ళు లెక్కలు చెప్పినదాన్ని. భాగహారం అంటే ఏమిటో ఒక పిల్ల తన చేతిలో అంత స్పష్టంగా చూడటం నేను అంతకుముందు ఎరగను. అదే చోట కూర్చుని, ఆ చేతిని నా చేతిలోకి తీసుకుని, అయితే నాలుగిళ్ళకు ఎట్లా పంచుతావో చూద్దాం రా అని ఉంటే చాలు. ఆ నెల రోజులు సరిపోయేవి. ఇప్పటికీ నాకు ఆ నమ్మకం ఉంది. ఆ నమ్మకమే నన్ను తినేస్తోంది.

నేను ఏమన్నానంటే, “ఏడిళ్ళకు పంచమంటే ఏం చేస్తావు? ఏడు గీతల వేలు ఉండాదా నీకు?” అన్నాను.

పిల్ల తల దించుకుంది. తొమ్మిదేళ్ళ పిల్ల మీద గెలిచాను. పరీక్షలో ఇట్లాంటివన్నీ కుదరవు, టైం చాలదు, వేళ్ళు ముట్టుకోకుండా చెయ్యడం అలవాటు చేసుకో అని తల్లి ముందు గట్టిగా చెప్పి, వాళ్ళు పెట్టిన ఖర్జూరాలు రెండు తిని వచ్చేశాను.

పరీక్ష జమ్మలమడుగులో. మా బడి నుంచి ముగ్గురు పిల్లలు రాస్తున్నారు. ఆదివారం పొద్దున్నే నేనే తీసుకుపోయాను. బస్టాండు దగ్గర ఉగ్గాని తినిపించాను. ఆ పిల్ల కొత్త చున్నీ వేసుకుంది, కాళ్ళకు బూట్లు వేసుకుంది. గేటు దగ్గర అట్ట, పెన్ను చేతికిచ్చి, భయపడొద్దు అన్నాను. అంతకుమించి ఒక్క మాట, నీ వేళ్ళు వాడుకో అన్న ఒక్క మాట, నా నోటికి రాలేదు. రావాలని తోచనైనా లేదు.

ఎండలో మిగతా తల్లిదండ్రులతో పాటు గేటు బయట నిలబడ్డాను. రెండు గంటల తర్వాత పిల్లలు వచ్చారు. మిగతా ఇద్దరూ దాహం దాహం అని గోల. ఆ పిల్ల మాత్రం నేరుగా నా దగ్గరికి వచ్చింది. మొహం వెలిగిపోతోంది. ఏడాది మొత్తంలో నాతో అంత చనువుగా మాట్లాడింది అదే మొదలు.

“మేడం, ఒక్కసారి గూడా యేళ్ళు ముట్టలేదు. చేతులు చంకల్లో పెట్టుకొనే చేసినా. గుండ్రాలు దిద్దేటప్పుడు మాత్రమే తీసినా. పక్కనున్న పాపని అడగండి.”

ప్రశ్నపత్రం దాని చేతిలోనే ఉంది. తీసుకుని లెక్కల పేజీ చూశాను. డెబ్భై రెండు పెన్సిళ్ళు ముగ్గురికి సమంగా పంచితే ఒక్కొక్కరికి ఎన్ని? నాలుగు జవాబులు ఇచ్చి ఒకటి ఎంచుకోమన్నారు.

“దీనికి ఏది దిద్దినావు?”

“తెలీలేదు మేడం. ఊరికే ఒకటి దిద్దినా. చేతులు చంకల్లో పెట్టుకుంటే నాకు ఏమీ కనపడదు.”

“ఇప్పుడు చెప్పు. వేళ్ళతోనే చెప్పు.”

నా మొహం వైపు అనుమానంగా చూసింది. తర్వాత బొటనవేలు కదిలింది. “ఇరవై నాలుగు,” అంది. నేను నడిరోడ్డు మీద నిలబడి ఉన్నాను. మిగతా ఇద్దరు పిల్లలు సోడా కావాలని నా చీర లాగుతున్నారు. మా చెల్లెలు జ్ఞాపకం వచ్చింది, మంచం ఎదురుగా చేతులు కట్టుకుని ఏడుస్తూ. ముగ్గురికీ సోడాలు ఇప్పించి బస్సెక్కించాను. దారి పొడుగునా ఆ పిల్ల కిటికీ పక్కన కూర్చుని సంతోషంగా బయటికి చూస్తూనే ఉంది. మేడంకు నచ్చే పని చేశానని దాని సంతోషం.

సీటు రాలేదు. జాబితాలో పేరు లేదని ఫోనులో చూసి నేనే ఫోన్ చేసి చెప్పాను. ఎన్ని మార్కుల్లో పోయిందో కనుక్కోలేదు. ధైర్యం చాలలేదు.

ప్రయాణానికి ముందు తల్లి ప్రొద్దుటూరులో మా ఇంటికి వచ్చింది, పాపను వెంటబెట్టుకుని. నాకు పళ్ళు తెచ్చింది. ఈసారి కూడా కూర్చోలేదు.

“మీరు రోజూ బడి అయిపోయినాక గూడా కూచొని చెప్పినారు. మీ తప్పేముండాది మేడం. దీని తలకాయికి ఎక్కల్యా. ఏం చేస్తాం,” అంది. పాప నెత్తి మీద ఒక మొట్టికాయ వేసింది. “మేడం పరువు తీసినావు గదే!”

అప్పుడు చెప్పాల్సింది. దాని తలకు ఏమీ కాలేదమ్మా, దాని చేతులు నేను కట్టేశాను అని చెప్పాల్సింది. నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. కువైట్‌కి పోయే మనిషికి ఈ దిగులు కూడా ఎందుకులే అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అది వట్టి సాకు. నా పేరు పోతుందని చెప్పలేదు. పాప నా వైపు ఒక్కసారి కూడా తలెత్తలేదు. తనకు బుర్ర లేదన్నది దానికీ ఖాయమైపోయింది. వాళ్ళు పోయాక పళ్ళు అలమారలో పెట్టేశాను. కుళ్ళిపోయాక తీసి పారేశాను.

ఆ తర్వాత నోటిలెక్కలు మానేశాను. మంచి పని చేశానని చెప్పడం లేదు. దాని బదులు ఏం చెయ్యాలో నాకు తెలియదు, అందుకే మానేశాను. పిల్లలు వేళ్ళు మడుస్తారు, తెరుస్తారు, నేను చూస్తూ కూర్చుంటాను. ఎవరి వేళ్ళ మీద ఏ లెక్క ఉందో కనుక్కునే ఓపిక, తీరిక అయిదు తరగతుల మధ్య నాకు లేవు. ‘మేడం ఇదివరకు మాదిరి లెక్కలు చెప్పడం ల్యా’ అని ఊళ్ళో అంటున్నారట. నిజమే. ఇదివరకు చెప్పింది ఏమిటో తలుచుకుంటే బోర్డు ముందు చాక్‌పీసు పట్టుకోవడానికి చెయ్యి రాదు. ఇంకా తొమ్మిదేళ్ళు సర్వీసు ఉంది. తొమ్మిదేళ్ళలో ఎంతమంది పిల్లలు నా ముందు కూర్చుంటారో లెక్క వేసుకోబుద్ధి కాదు.

పోయిన మాఘమాసంలో మా అన్న కూతురి పెళ్ళికి జాకెట్ల మీద మగ్గం పని చేయించాలని ప్రొద్దుటూరులో ఒక ఇంటికి పోయాను. ఎవరో చెబితే పోయాను. ఎవరి ఇల్లో నాకు తెలియదు. ముందు గదిలో కొయ్య చట్రాలకు గుడ్డలు బిగించి ఉన్నాయి. చట్రం చుట్టూ నలుగురు ఆడపిల్లలు వంగి కూర్చుని పూసలు కుడుతున్నారు. ఇంటావిడ నాకు డిజైన్లు చూపిస్తూ, ఒక పిల్లను అడిగింది.

“ఈ హారం చుట్టూ ఎన్ని పూసలు పడతాయే?”

“నూటా ఎనిమిది అత్తా,” అంది ఆ పిల్ల తల ఎత్తకుండానే. ఎడమచేతి బొటనవేలు గణుపుల మీద అప్పుడే ఆగింది.

ఆ వేలును బట్టి గుర్తుపట్టాను. మొహం మారిపోయింది, పొడుగైంది, చెంపలు లోపలికి పోయాయి. నేను పక్కన చాప మీద కూర్చున్నాను. నన్ను చూసి నవ్వింది, లేచి నిలబడింది. అమ్మ బాగుందట. ఇంకో రెండేళ్ళు ఉండి వస్తుందట. నానీ, అదే ఆ ముసలామె, చనిపోయిందట. బడికి పోవడం లేదు. ఇవన్నీ అడిగిందానికి అడిగినట్టు చెప్పింది.

తర్వాత నాకేమి పుట్టిందో తెలియదు. దాని లెక్క ఇంకా బతికే ఉందని నా చెవులతో వినాలనిపించింది. నా మనసు తేలికపడటానికే తప్ప మరెందుకూ కాదు.

“నూటా ఎనిమిది పూసలు మూడు వరసల్లో సమంగా కుట్టాలంటే, వరసకు ఎన్ని?” అని అడిగాను. వీలైనంత మెత్తగా అడిగాను.

చేతిలోని సూది తీసి గుడ్డకు గుచ్చింది. నిటారుగా నిలబడింది. రెండు అరచేతులూ చంకల్లో పెట్టుకుంది. నా మొహంలోకి చూస్తూ ఉండిపోయింది.

“ఏందే, ఇందాక నాకు ఠక్కుమని చెప్తివి గదా!” అని ఇంటావిడ నవ్వింది.

“చేతులు తియ్యమ్మా,” అన్నాను. “వేళ్ళతోనే చెప్పు. నేనేమీ అనను.”

తియ్యలేదు. మిగతా పిల్లలు సూదులు ఆపి చూస్తున్నారు. నేను లేచి దగ్గరికి పోయి దాని మణికట్టు పట్టుకుని మెల్లగా లాగబోయాను. ఇంకా గట్టిగా బిగించుకుంది.

“లేదు మేడం,” అంది. “నేను ముట్టుకోను.”